మూలం

ఖైరతాబాద్ ఆఫీసులో లిఫ్టుకి అంటించిన
"మరమ్మతులో ఉంది" కాగితం కూడా పసుపెక్కింది.
మూడో అంతస్తు. ఆయాసం తీరకుండానే అడిగాను:
"పాత బస్తీలో లక్కగాజులు చేసే ఆడవాళ్ళు
ఎంతమంది సార్?"
వామనమూర్తి గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
నన్ను కాదు, నా ప్రశ్నని ఎగాదిగా చూశారు.
"లక్కకి వేరే గడి లేదమ్మా.
ఇతర తయారీలు అని ఒకటుంది, అందులో వెతుక్కో."

వెతికాను.
అగరొత్తులు చుట్టేవాళ్ళు, పతంగులకి పుల్లలు చీల్చేవాళ్ళు,
పూసలు గుచ్చేవాళ్ళు, నా వాళ్ళు
అందరూ ఒకే అంకెలో ఒరుసుకుంటూ నిలబడ్డారు,
సాయంత్రం ఎనిమిది-ఏ బస్సులోలా.
ఎవరి చెయ్యి ఎవరిదో తెలియదు.

ఫ్యాక్టరీల లెక్క తీశాను.
వంటింట్లో కుంపటి ఫ్యాక్టరీ కాదట.
నమూనా సర్వే తీశాను.
రాష్ట్రం దాకా చెబుతుంది, గల్లీలోకి దిగమంటే
నమూనా చాలదు అంటుంది, మర్యాదగానే.
జనగణన తీశాను.
ఆ ఏడు పుట్టిన మగపిల్లలకి
ఇప్పుడు నూగుమీసాలు.
అందులోనూ నా ఆడవాళ్ళు
పెద్ద అంకెలో నిండుగా, హాయిగా కూర్చున్నారు:
పని చేయనివారు.

ఆ అంకెని నింపినవాళ్ళలో ఒకాయన దొరికాడు.
ఉప్పుగూడలో రిటైరైన పెంటయ్య సారు.
చాయ్ చల్లారే దాకా గుర్తు చేసుకున్నాడు.
"ఎండ మస్తుండె బిడ్డా. దర్వాజకు పర్దా.
ఆడోళ్ళు ఏం పని జేస్తరని అడిగిన.
ఇంటాయన, కుఛ్ నై సాబ్, ఘర్ మే రైతే, అన్నడు.
రాసుకున్న.
పర్దా ఎనకనుంచి బొగ్గుల వాసన, కాలిన లక్క వాసన
వచ్చింది, రాలేదని అనను.
వాసన రాసే గడి లేదు గద."

ఆ రాత్రి బస్సులో అనుకున్నాను,
మా ఇంటికీ ఎవరో ఒక పెంటయ్య సారు వచ్చే ఉంటాడు.
అమ్మ మిషను తొక్కడం ఆపకుండానే
"ఇంట్లోనే ఉంటానండీ" అని ఉంటుంది.

చివరికి లాడ్ బజార్.
ముకర్రం భాయ్ దుకాణంలో పరుపు కింద ఒక ఖాతా పుస్తకం,
ఎర్ర గుడ్డ అట్ట, కుడి నుంచి ఎడమకి నడిచే లెక్క.
లక్క ఎంత, రాళ్ళు ఎన్ని, జతలు ఎన్ని తిరిగొచ్చాయి.
పేర్లు చదివి వినిపించాడు:
ఖైరున్నీసా. ఆమె తోడికోడలు.
మెట్ల కింద ఆపా. మొఘల్‌పురా మూగామె.
కాలిన వేలామె.
"ఇది ఎందుకు?" అన్నాను.
"ఇద్దరు రజియాలున్నారు కదా, ఎలా గుర్తుపట్టను?"

ఫోటో వద్దన్నాడు. టాక్సు వాళ్ళు, మనుషులు, ఎన్నో ఉంటాయి.
చేత్తో రాసుకోమన్నాడు.
ముప్ఫై ఎనిమిది పేర్లు రాశాను.
ప్రతి పేజీ తిప్పేటప్పుడూ అతని బొటనవేలు
ఎడమ వైపు చివరి వరుస మీద గొడుగులా నిలబడింది.
అడ్వాన్సులు. ఎవరు ఎంత బాకీ.
ఒక్కసారి ఎవరో పిలిస్తే
అటు తిరిగాడు, వేలు కాస్త జరిగింది.
కాలిన వేలామె ఎదురుగా ఉన్న అంకె చూశాను.
మా ఇంటి ఏడాది అద్దె కన్నా ఎక్కువ.
నేను చూడలేదన్నట్టు కలం మూత వెతుక్కున్నాను.

వామనమూర్తి గారికి నా పట్టిక చూపించాను.
ఈసారి కళ్ళజోడు కిందికి దించి చదివారు,
పేర్ల మీద వేలు పెట్టి, ఒక్కో పేరూ.
చాలాసేపటికి
"బాగుంది" అన్నారు.
"మరి అడుగున మూలం అని ఏం రాస్తావు?
అది లేకపోతే ఎవరూ నమ్మరు."

పట్టిక కింద చోటు ఇంకా ఖాళీగానే ఉంది.
రాసి కొట్టేసిన వాటిలో ఒకటి ఇది:
మూలం: ఒక బొటనవేలు
పక్కకి జరిగినంత మేర.